తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఆ తర్వాతే ఇంకొకరిని నిలదీసే అర్హత నాకు వస్తుంది.

మా పంచాయతీలో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి ఉంది. అందులో నేనూ సభ్యుణ్ణే. ఆ సంగతి నాకు తెలిసింది రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టమన్న రోజున. ఉదయం ప్రార్థన వేళ, పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. మూడు నెలల సమావేశాలకు మూడు చోట్ల సంతకం పెట్టేసి రిజిస్టరు తిరిగి ఇచ్చేశాను. సమావేశం ఎప్పుడు జరిగింది, ఎవరెవరు వచ్చారు అని అడగలేదు. నా సంతకానికి పైన అప్పటికే పదకొండు వేలిముద్రలున్నాయి. అవి ఎవరివో కూడా చూడలేదు.

ఆ ఏడాది వానల్లోనే, మా వరసకు చెల్లెలయ్యే అమ్మాయికి రాత్రిపూట నొప్పులు మొదలయ్యాయి. వాళ్ల గూడెం నుంచి ఉపకేంద్రానికి కొండ దిగితే ఏడు కిలోమీటర్లు. దుప్పటి, వెదురు కర్ర, నలుగురు మనుషులు, ముందు టార్చిలైటుతో ఒక కుర్రాడు. డోలీ మోత ఎలా ఉంటుందో మనవాళ్లకు వివరించక్కర్లేదు. గెడ్డ పొంగి ఉంది. అది తగ్గేదాకా రెండు గంటలు ఒడ్డునే కూర్చున్నాం. తెల్లారేసరికి ఉపకేంద్రం చేరితే తాళం. నర్సమ్మను ముందురోజు మండల కేంద్రంలో మీటింగుకు పిలిచారు, వానకు ఆమె అక్కడే చిక్కుకుపోయింది. ఫోను సిగ్నలు కోసం ఒకడు మళ్లీ గట్టెక్కాడు. 108 బండి వచ్చేదాకా ఆ పిల్ల వరండాలో, జల్లు కొడుతుంటే తడిసిన దుప్పటి మీదే ఉంది. గోడకు అవతల పొడిగా ఉన్న గది ఉంది, మంచం ఉంది, వేడినీళ్లు కాచుకునే పొయ్యి ఉంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

కొన్నాళ్లకు ఆ రిజిస్టరు అడిగి తీసుకుని చూశాను. ఆ నెల తీర్మానం ఒక్క వాక్యం: గర్భిణులకు అవగాహన కల్పించడమైనది. దాని కింద నా సంతకం.

ఈ వ్యాసం ఆ సంతకం గురించే.

మన సభల్లో, మన పాటల్లో, మన పుస్తకాల్లో ఆసుపత్రి గురించి మనం చాలానే అడిగాం. డాక్టరు కావాలి, రోడ్డు కావాలి, అంబులెన్సు కావాలి, పాము కరిస్తే సూది మందు ఉండాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే, ఒక్కటీ వదులుకోవద్దు. కానీ ఇన్నేళ్లుగా మనం అడిగేవాళ్లుగానే మిగిలాం. డాక్టరు లేడని ధర్నా చేశాం. డాక్టరు ఎన్ని రోజులు వచ్చాడో, ఎన్ని రోజులు రాలేదో రాసిపెట్టే పుస్తకం మన దగ్గర ఎందుకుండకూడదు అని అడగలేదు. మందులు లేవని అరిచాం. ఏ మందు ఏ నెలలో అయిపోయిందో లెక్క చూసే హక్కు మనకుందని అనుకోలేదు. అడిగేవాడికి ఇచ్చేవాడు ఎప్పుడూ ఎత్తులోనే కనిపిస్తాడు. ఆ ఎత్తు తగ్గాలంటే లెక్క మన చేతికి రావాలి.

హక్కు లేదని ఎవరైనా అంటే 1996 నాటి పెసా చట్టం తెరిచి చూపించండి. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో సామాజిక రంగాలన్నిటిలోని సంస్థల మీద, వాటిలో పనిచేసే సిబ్బంది మీద నియంత్రణాధికారం తగిన స్థాయి పంచాయతీలకు, గ్రామసభకు ఉండాలని నాలుగో సెక్షను చెబుతుంది. బడి సామాజిక రంగమే, అంగన్‌వాడీ సామాజిక రంగమే, ఆసుపత్రీ సామాజిక రంగమే. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో దానికి తగ్గ చట్టం చేశారు, 2011లో నియమాలు వచ్చాయి. బాక్సైట్ తవ్వకాలప్పుడు మన గ్రామసభలు ఈ చట్టాన్ని చేతపట్టుకుని నిలబడ్డాయి. భూమి కోసం, కొండ కోసం అంత గట్టిగా వాడిన చట్టాన్ని మన ఒంటి కోసం ఒక్కసారీ ఎందుకు తియ్యలేదు? కొండ పోతే బతుకు పోతుందని మనకు తెలుసు. మలేరియాతో, రక్తహీనతతో మనిషి పోయినా పోయేది ఆ బతుకే కదా.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఆశా కార్యకర్తలు దానితోనే వచ్చారు. గ్రామ కమిటీలు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాలు కూడా దానితోనే వచ్చాయి. ఆశాను అందరూ చూశారు, కమిటీని ఎవరూ చూడలేదు. ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, శివారు గూడేల వాళ్లు ఉండాలి. ఏడాదికి పదివేల రూపాయల వరకు నిధి వస్తుంది. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఊరే నిర్ణయించుకోవచ్చు. ఊటబావి శుభ్రం చేయించుకోవచ్చు, అత్యవసరంగా ఒక పేషెంటును కిందికి దించడానికి జీపు కిరాయి ఇవ్వొచ్చు. పదివేలు పెద్ద సొమ్మేమీ కాదు, రోజుకు ఇరవై ఏడు రూపాయలు. మా పంచాయతీలో గూడేలవారీగా పంచితే ఒక్కో గూడేనికి వెయ్యి రూపాయలు కూడా రావు. కానీ ఆ రాత్రి జీపు కిరాయికి డబ్బుల్లేక మా వాళ్లు డోలీ కట్టలేదు. అసలు అలాంటి నిధి ఒకటుందని గూడెంలో ఒక్కరికీ తెలియదు. కమిటీ సభ్యుణ్ణైన నాకూ తెలియదు.

ఇక్కడే ఒక పెద్దమనిషి లేచి అంటాడు: చదువురాని వాళ్లకు ఆసుపత్రి నడపడం ఏం తెలుస్తుంది, అది డాక్టర్ల పని కదా అని. ఈ మాట మైదానం నుంచి వచ్చిన వాళ్లే అనరు, చదువుకున్న మనవాళ్లూ అంటారు. ఏ మందు ఎంత మోతాదు ఇవ్వాలో చెప్పే పని డాక్టరుదే, అందులో వేలు పెట్టమని ఎవరూ అనడం లేదు. కానీ ఉపకేంద్రం ఏ రోజు తెరవాలి? సంత రోజున తెరిచి ఉంటే ఐదు గూడేల జనం వస్తారు. అదే రోజున మీటింగులు పెట్టి నర్సమ్మను మండలానికి పిలిస్తే నష్టం ఎవరికి? దోమల మందు ఏ వారంలో కొట్టాలి? పోడు పనులకు అందరూ కొండెక్కిన రోజున వచ్చి, ఇళ్లకు తాళాలున్నాయి, జనం సహకరించలేదు అని రాసుకుపోతారు. ఏ గెడ్డ ఏ నెలలో దారి మూసేస్తుందో, నెలలు నిండిన మనిషిని ఎన్ని రోజుల ముందు కిందికి దించాలో ఏ వైద్య కళాశాలలో చెబుతారు? ఈ చదువు మనకుంది. అడిగేవాళ్లే లేరు.

మొన్నటి సికిల్ సెల్ పరీక్షల సంగతి చూడండి. 2023లో దేశమంతటా పెద్దగా మొదలుపెట్టారు, మంచి పనే, మన పిల్లలకు అవసరమైన పనే. మా గూడెంలోనూ రక్తం తీశారు, కొందరికి కార్డులు ఇచ్చారు. ఆ కార్డులో ఏముందో, అది ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే పిల్లలకు ఏమవుతుందో ఎవరూ కూర్చుని చెప్పలేదు. కువి తప్ప వేరే మాట రాని ఒక అవ్వ ఆ కార్డును రేషన్ కార్డుతో కలిపి పెట్టెలో దాచుకుంది, బియ్యం ఎక్కువ వస్తాయేమోనని. మేం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ భాష తెలిసిన ఒక్క ఆడపిల్ల ఆ బృందంలో ఉండి ఉంటే చాలు.

జనం నడిపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహించుకోనక్కర్లేదు, జరిగినవే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో దల్లీ రాజహరా అనే ఇనుప గనుల ఊరుంది. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది ఆదివాసులే. 1977లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన తమవాళ్ల పేరు మీద, శంకర్ గుహా నియోగి నాయకుడుగా ఉన్న కార్మిక సంఘం 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకుంది. డబ్బు వాళ్లదే, రాళ్లెత్తిన కూలీ వాళ్లదే. కార్మికుల పిల్లలే నర్సు పని నేర్చుకున్నారు. తమిళనాడు నీలగిరుల్లో గూడలూరులో పణియ, కాట్టునాయకన్, కురుంబ తెగల వాళ్లు మొదట భూమి కోసం సంఘం పెట్టారు, తర్వాత 1990లో ఆసుపత్రి పెట్టుకున్నారు. డాక్టర్లు బయటినుంచి వచ్చారు, నిజమే. బడి చదువు పూర్తికాని ఆదివాసీ ఆడపిల్లలకు నర్సింగు నేర్పారు, క్రమంగా వాళ్లే ఆసుపత్రిని నడిపే స్థితికి వచ్చారు. మన యువతకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: సార్, వాళ్లకు సర్టిఫికెట్ ఉందా అని. సర్టిఫికెట్ కావలసిందే. కానీ ముందు సర్టిఫికెట్ వచ్చి, తర్వాత పని నేర్చుకున్నవాళ్లు కారు వాళ్లు.

మనకు ఇంకా దగ్గరిది గడ్చిరోలి, గోండుల నేల. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి జనాన్ని, ఆసుపత్రికి ఎందుకు రారు అని అడిగారు. తెల్లబట్టలు చూస్తే భయం, చుట్టాల్ని లోపలికి రానివ్వరు అన్నారు జనం. దాంతో ఆసుపత్రిని గోండు ఊరిలా గుడిసెలతో కట్టారు, పేషెంటు పక్కన ఇంటివాళ్లు ఉండే ఏర్పాటు చేశారు, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. అక్కడే పల్లెటూరి ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణ నేర్పిస్తే, నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రిక అచ్చువేసింది. అక్షరం అంతంతమాత్రం వచ్చిన ఆడవాళ్లు చేసిన పని అది. ఆ వరండా గుర్తొచ్చినప్పుడల్లా ఈ లెక్క నాకు గుర్తొస్తుంది.

అయితే భాగస్వామ్యం అనే ఈ మాటను నేను పూర్తిగా నమ్మను. దాని వెనక మనకు ఒక పాత మోసం ఉంది. రోడ్డు వెయ్యమంటే శ్రమదానం చెయ్యండి అంటారు. నర్సును వెయ్యమంటే మీ ఊరి అమ్మాయికి పని నేర్పిస్తాం అంటారు, కానీ జీతం మాట ఎత్తరు. ఏజెన్సీలో మన సామాజిక ఆరోగ్య కార్యకర్తలు కొండలెక్కి మలేరియా మాత్రలు పంచినన్నాళ్లూ నెలకు నాలుగు వందల రూపాయలిచ్చారు. 2019లో అది నాలుగు వేలయింది. అదే ఏడాది ఆశాలకు పదివేలు చేశారు. అంతకుముందు ఆ నాలుగు వందలతో ఎన్నేళ్లు గడిచాయో, దాన్ని ఎవరూ దోపిడీ అనలేదు, సేవ అన్నారు. ప్రభుత్వం తన బాధ్యతను మన భుజాల మీదికి తోసి దానికి ప్రజల భాగస్వామ్యం అని పేరు పెడితే ఒప్పుకోకూడదు. డోలీ మోసే భుజం ఎలాగూ మనదే, బిల్లు కూడా మనమే కట్టాలా? నియంత్రణ మనది, ఖర్చు ప్రభుత్వానిది. రెండూ కలిపి అడగాలి. ఒకటి వదిలేసి రెండోది తీసుకుంటే మోసపోతాం.

ఇంకో మోసం మన ఇంట్లోనే ఉంది. కమిటీ అనగానే సర్పంచ్ గారి మనుషులు, పార్టీ మనుషులు, రోడ్డు పక్క ఊరివాళ్లు. ఏజెన్సీలో ఉపకేంద్రం మూడు వేల మందికి ఒకటి, మైదానంలో ఐదు వేలకు ఒకటి. కాగితం మీద చూస్తే మనకు ఎక్కువే ఇచ్చినట్టుంది. కానీ మైదానంలో ఐదు వేల మంది రెండు మూడు ఊళ్లలో ఉంటారు. మన మూడు వేల మంది ఇరవై గూడేల్లో, నాలుగు కొండల మీద ఉంటారు. పంచాయతీ కేంద్రంలో కూర్చున్న ఒక కమిటీకి కొండమీద గూడెం కనపడదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్లను ఎంచుకున్నప్పుడు పంచాయతీకి ఒకరని కాకుండా గూడెం గూడేనికి ఒకరిని, అక్కడి వాళ్లనే ఎంచుకోమన్నారు. మన ఆశా పథకానికి అదే మాదిరి అయింది. కమిటీకీ ఆ పద్ధతే కావాలి. ఒక గూడెం తన వ్యవహారాలు తానే చూసుకుంటుంటే అదే ఒక గ్రామం, దానికో గ్రామసభ ఉండాలని పెసా చట్టమే చెబుతోంది. ముందు గూడెంలో కూర్చుని ఒక ఆడమనిషిని ఎంచుకోండి. తర్వాతే పంచాయతీ కమిటీకి పేరు పంపండి. పేరు అక్కడ రాసేసి వేలిముద్రకు ఇక్కడికి పంపే పద్ధతి ఆగాలి.

దిశారిని కూడా పిలవండి. ఈ మాటకు మన చదువుకున్న కుర్రాళ్లు మొహం చిట్లిస్తారని తెలుసు. జ్వరం వచ్చిన ఇంటికి మొదట వెళ్లేది ఆయనే, నర్సమ్మ కాదు. ఆయన్ను మూఢనమ్మకం అని వెక్కిరించి మీరు సాధించేది ఏమీ లేదు, జనం మీ వెనక కాకుండా ఆయన వెనకే పోతారు. అలాగని ఆయన చేతిలో అన్నీ ఉన్నాయని పాట కట్టొద్దు. పాము కాటుకు, తలకెక్కిన మలేరియాకు పూజ అయ్యేదాకా ఆగితే మనిషి దక్కడు, అలా పోయినవాళ్లను నేను చూశాను. కమిటీలో కూర్చోబెట్టి, మూడు గుర్తులు కనపడితే పూజ తర్వాత, డోలీ ముందు అని ఆయన నోటితోనే ఊరికి చెప్పించాలి. ఆ మాట ఆయన చెబితే వింటారు.

తోటి టీచర్లతో ఒక మాట. మనలో చాలామందికి ఈ ఉద్యోగం జీవో 3 వల్ల వచ్చింది. షెడ్యూలు ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఆ జీవో 2000లో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని కోసం మనం రోడ్డెక్కాం, ఎక్కాలి కూడా. పిల్లల భాష తెలిసిన టీచరు కావాలి అన్నది మన వాదన. ఆ వాదన నిజమైతే రోగి భాష తెలిసిన నర్సు కోసమూ అంతే గట్టిగా అడగాలి. మన పోస్టుల దగ్గరే ఆగిపోతే, ఇది ఉద్యోగాల కోసం ఆరాటం అన్నవాళ్ల మాట నిజం చేసినట్టే. పైగా గూడెంలో చదవడం రాయడం తెలిసి, నెలకు ఇరవై రోజులైనా కనిపించే జీతగాడు ఒక్క టీచరే. రిజిస్టరు మన దగ్గరికే వస్తుంది. ఇకమీదట వచ్చినప్పుడు ప్రార్థన ఆపి అయినా చదవండి.

యువతకు చెప్పేది ఒక పుస్తకం గురించి. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. ఉపకేంద్రం తెరిచిన రోజు, తెరవని రోజు. మలేరియా పరీక్ష కిట్లు ఉన్నాయా, మాత్రలున్నాయా. 108కి ఫోను చేసింది ఎన్నింటికి, బండి వచ్చింది ఎన్నింటికి, ఎక్కడిదాకా వచ్చింది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ దారిలో పోయారు. ఆరోపణలు రాయొద్దు, తేదీ, టైము రాయండి. మహారాష్ట్రలో 2007 నుంచి ఊళ్లు ఇలాగే తమ ఆసుపత్రులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మార్కులు వేసి, బహిరంగ విచారణ పెట్టి అధికారుల ముందు చదివాయి. కేంద్రం ఆ ఏడాది తొమ్మిది రాష్ట్రాల్లో ఈ పద్ధతి మొదలుపెట్టింది, వాటిలో మన రాష్ట్రం లేదు. లేకపోతేనేం, నోటుబుక్కుకు జీవో అక్కర్లేదు. నిధి లెక్క చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన దగ్గర గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సెల్‌ఫోనులో వీడియో పెట్టి ఒక నర్సమ్మను తిట్టడం తేలిక, అది ఒక్క రోజు తిరుగుతుంది, ఆమె బదిలీ అడిగి వెళ్లిపోతుంది, తర్వాత ఆ పోస్టు ఖాళీ. ఇరవై గూడేలు తిరగలేక, ఫోనులో నింపాల్సిన యాప్‌లతో సతమతమయ్యే ఆ మనిషి మన శత్రువు కాదు. ఆమెను మండలానికి పిలిచి కూర్చోబెట్టేవాళ్లను అడగండి.

మా దగ్గర ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. ఆ బిడ్డ పోయిన మూడో నెలలో, పనులు తగ్గాక, గూడెంలో కూర్చున్నాం. నా సంతకం సంగతి నేనే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల మామ అడిగాడు: “మాస్టారూ, ఆ పుస్తకంలో మా ఏలిముద్రలున్నాయన్నావు గదా, మరి మమ్మల్ని పిలవలేదేటి?” దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు తీర్మానం ఒక్కటే రాశాం. ఉపకేంద్రం బయటి గది తాళంచెవి రెండోది ఊళ్లో ఉండాలి, మందుల బీరువా తాళం మాత్రం నర్సమ్మ దగ్గరే. ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపిస్తే వెంటనే ఒప్పుకుంది, ఆ రోజు తాను లేనందుకు ఆమె కూడా ఏడ్చింది.

ఆ భవనానికి ఇప్పటికి మూడు నాలుగు పేర్లు మారాయి. ఉపకేంద్రం అన్నారు, వెల్‌నెస్ సెంటర్ అన్నారు, విలేజ్ క్లినిక్ అన్నారు, ఆరోగ్య మందిర్ అన్నారు. పేరు మారినప్పుడల్లా రంగు మారింది. తాళం అదే. దాని రెండో చెవి ఇప్పుడు రోడ్డు పక్క ఇంట్లో, ఆశా అత్తగారి వంటగదిలో మేకుకు వేలాడుతోంది. అది చట్టప్రకారమేనా అని ఒక అధికారి అడిగారు. గ్రామసభ తీర్మానం నకలు ఇచ్చాం. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు. బ్యాంకు పుస్తకం మాత్రం ఇంకా చూపించలేదు. దరఖాస్తు పెట్టాం, ముప్పై రోజులు ఇంకా కాలేదు.